మొదటి పట్టికలో పల్నాటి పెద్దమ్మ

మందుల మీద జరిగిన ఏ పరిశోధన పత్రం తిరగేసినా రెండో పేజీలోనో మూడో పేజీలోనో ఒక పట్టిక కనిపిస్తుంది. దాదాపు ఎప్పుడూ అదే మొదటి పట్టిక. ప్రయోగంలో ఎంతమంది చేరారు, సగటు వయసెంత, ఆడవాళ్లెందరు, బరువెంత, బీపీ ఎంత, షుగరు ఎందరికి ఉంది, పొగ తాగేవాళ్లెందరు, అప్పటికే ఏ మందులు మింగుతున్నారు అన్నవి అందులో వరుసగా ఉంటాయి. మందు పనిచేసిందా లేదా అన్న ముచ్చట ఇంకా రాదు. అందుకే చాలామంది దాన్ని దాటేసి ఫలితాల దగ్గరికి పోతారు. ఆ పరిశోధన మీద వార్త రాసే విలేకరులైతే మరీను.

నన్నడిగితే పత్రం చదవడం అక్కడే మొదలుపెట్టాలి. ఫలితం ఎంత గొప్పదైనా అది ఆ పట్టికలో ఉన్న మనుషులకు వచ్చిన ఫలితం. మన వసారాలో నులకమంచం మీద కూర్చున్న ముసలాయనకు అది వర్తిస్తుందో లేదో తెలియాలంటే, ఆయన ఆ మనుషులకు ఎంత దగ్గరివాడో ముందు చూడాలి. పల్నాడులోని మాచర్ల, గురజాల, దుర్గి, వినుకొండ వైపు ఊళ్లలో డెబ్బై దాటినవాళ్లను ఆ గళ్లలోకి ఎక్కించబోతే ఏమవుతుందో ఇక్కడ చూద్దాం.

పట్టికను పట్టించుకోకపోతే ఏం జరుగుతుందో కెనడా అనుభవం చెబుతుంది. 1999లో రేల్స్ అనే ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. గుండె బాగా నీరసించి ఆయాసపడే 1,663 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వాడుతున్న మందులతోపాటు స్పైరనోలాక్టోన్ అనే పాత, చవక మాత్ర ఇచ్చారు. ఆ జట్టులో మరణాలు 30 శాతం తగ్గాయి. ఒంటారియో రాష్ట్రపు డాక్టర్లు ఆ మాత్రను విరివిగా రాయడం మొదలుపెట్టారు. దానికో గుణం ఉంది. ఒంట్లో పొటాషియాన్ని నిలవ చేస్తుంది. పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. కిడ్నీలు గట్టిగా ఉన్నవాళ్లకు ఫరవాలేదు, ఎక్కువైనదాన్ని అవి బయటికి పంపేస్తాయి.

రేల్స్ మొదటి పట్టికలో సగటు వయసు 65. రక్తంలో క్రియాటినిన్ 2.5 దాటినవాళ్లను, పొటాషియం 5 దాటినవాళ్లను చేర్చుకోనేలేదు. చేరినవాళ్లకు పద్ధతి ప్రకారం రక్తపరీక్షలు జరిగాయి. బయట అదే మాత్ర మింగినవాళ్లు ఇంకా ముసలివాళ్లు, కిడ్నీలు ఇంకా అరిగినవాళ్లు, పరీక్షలకు అంత తరచుగా పోనివాళ్లు. 2004లో అక్కడి పరిశోధకుడు డేవిడ్ జుర్లింక్ బృందం లెక్క తీసింది. 66 ఏళ్లు, ఆపైబడిన ఇలాంటి రోగుల్లో పొటాషియం పెరిగి ఆస్పత్రి పాలైనవాళ్లు 1994లో వెయ్యికి 2.4 మంది ఉంటే 2001 నాటికి 11 మంది అయ్యారు. దానివల్ల చనిపోయినవాళ్లు వెయ్యికి 0.3 నుంచి 2కు పెరిగారు. మందు మంచిదే, ప్రయోగమూ నిజాయతీగానే జరిగింది. పట్టికలో ఉన్నవాళ్లు ఒకరు, మాత్ర మింగినవాళ్లు ఇంకొకరు అయ్యారు.

పల్నాడులో చిక్కు మరో మెట్టు పైన ఉంది. ఇక్కడి పెద్దవాళ్లు చాలా పట్టికల్లో అసలు లేరు. ఎప్పుడన్నా ఎక్కినా, ఎక్కిన అంకె వాళ్లది కాకుండా పోయే ప్రమాదం ఉంది.

మొదటి గడి వయసు. దుర్గి మండలంలో ఏ ఊరికి పోయి అడిగినా మాట ఇలా నడుస్తుంది:

“ఎన్నేళ్లుంటయ్ పెద్దమ్మా నీకు?”

“ఏమో నాయనా, అప్పుడు రాసిపెట్టినోళ్లెవరు? డెబ్బై ఉంటయ్యేమో, ఎనభై ఉంటయ్యేమో.”

“ఆధార్ కార్డులో ఏం పడింది?”

“అది మా పిల్లోడు ఏదో చెప్పి ఏయించాడు.”

ఇలా చెప్పిన వయసులన్నీ పోగేస్తే 60, 65, 70, 75 దగ్గర గుట్టలు పడతాయి, 63, 67, 71 దగ్గర ఖాళీలు మిగులుతాయి. జనాభా శాస్త్రంలో దీన్ని కొలవడానికి విపుల్ సూచీ అని ఒకటుంది. 23 నుంచి 62 ఏళ్ల మధ్యవాళ్లలో సున్నా, అయిదులతో ముగిసే వయసు చెప్పినవాళ్లు ఎందరో చూస్తారు. అందరూ సరిగ్గా చెబితే సూచీ 100, అందరూ గుండుగుత్తగా చెబితే 500. ఐక్యరాజ్యసమితి లెక్కలో 175 దాటితే ఆ వయసులను నమ్మడం కష్టం. దీనికి తోడు వృద్ధాప్య పింఛనుకు 60 నిండాలన్న నిబంధన ఒకటి. ఆ గీతకు ఇవతల ఉన్నవాళ్లు కార్డులో అవతలికి జరగడం మన ఊళ్లలో ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదు.

నాలుగైదేళ్లు అటూ ఇటూ అయితే కొంప మునిగిందా? మునిగినట్టే. 1825లో బెంజమిన్ గోంపెర్ట్జ్ అనే ఇంగ్లిష్ గణితవేత్త ఒక క్రమం గమనించాడు. నడివయసు దాటాక ఏడాదిలో మరణించే అవకాశం కొన్నేళ్లకోసారి రెట్టింపవుతూ పోతుంది. ఇప్పటి లెక్కల్లో ఆ రెట్టింపుకు పట్టేది సుమారు ఎనిమిదేళ్లు. అంటే డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని డెబ్బైగా రాసుకుంటే ఆమె ముప్పును సగానికి కోసి రాసుకున్నట్టు. గుండెపోటు, పక్షవాతం ముప్పు లెక్కగట్టే సూత్రాలన్నిటిలోనూ అన్నిటికంటే బరువైన అంకె వయసే.

దీనికి సర్వే చేసేవాళ్ల దగ్గర ఓ ఉపాయం ఉంది. సంఘటనల పంచాంగం అంటారు. వయసు అడగడం మానేసి బతుకును అడుగుతారు. పల్నాడులో దీనికి నాగార్జునసాగర్ డ్యామును మించిన గుర్తు లేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలవలకు నీళ్లొదిలారు. “డ్యాము కట్టేటప్పుడు తట్టలు మోశావా పెద్దమ్మా?” “మోశా. అప్పటికింకా పెద్దమనిషి కాలేదు.” “కాలవకు నీళ్లొచ్చేటప్పటికి?” “సంకన పిల్లోడున్నాడు.” పెద్దకొడుకు 1966, 67 ప్రాంతంలో పుట్టాడన్నమాట. అప్పటి పెళ్లిళ్ల రివాజు ప్రకారం తల్లికి పదిహేడు, పద్దెనిమిది ఉంటాయి. 1948, 50 మధ్య పుట్టి ఉంటుంది. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు, ఎన్టీ రామారావు ఎన్నికల్లో గెలిచిన 1983 జనవరి, వీటితో మళ్లీ సరిచూస్తారు. పది నిమిషాలు పడుతుంది. రోజుకు ఇన్ని ఇళ్లని లెక్క చూపించాల్సిన సర్వే పిల్లలకు ఆ తీరిక దొరకడం లేదు.

పట్టికలో సగటు పక్కన ± గుర్తుతో మరో అంకె ఉంటుంది. సగటు 70 ± 6 అని ఉందనుకోండి. చేరినవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది 64కూ 76కూ మధ్య ఉన్నారని దానర్థం. ఎనభై దాటిన మనిషి అందులో చివరంచున ఎక్కడో ఉంటాడు. సగటు చూసి ఊరుకుంటే ఆ అంచు కనపడదు. కొన్ని పత్రాల్లో చివర పీ విలువ అని ఇంకో నిలువు వరుస కూడా పెడతారు, రెండు జట్లకూ తేడా ఉందా అని. చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా పంచాక మిగిలే తేడా ఎటూ యాదృచ్ఛికమే కాబట్టి ఆ వరుస అక్కర్లేదని గణాంకవేత్తలు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు.

తర్వాతి గళ్లు ఎత్తు, బరువు, ఎముకలు. పల్నాడు మెట్ట ఊళ్లలో ఇక్కడ కథ ముదురుతుంది.

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్య పత్రికలకెక్కించింది ఇక్కడికి పొరుగునే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట తాలూకాల్లో నడుం వంగి, మెడ తిరగక, కీళ్లు బిగుసుకున్న మనుషులను పరీక్షించి రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి నేలలవి. దర్శికి, వినుకొండకు మధ్య ఉన్నది జిల్లా సరిహద్దు గీత మాత్రమే, అడుగున రాయి ఒకటే తీరు. సాగర్ కాలవ నీళ్లు అందిన ఊళ్లు కొంత బయటపడ్డాయి. అందని బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి వైపు చాలా పల్లెలు బోరు నీళ్లనే తాగాయి. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, గత్యంతరం లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణం. అంతకు మించిన నీళ్లు ముప్ఫై, నలభై ఏళ్లు తాగిన ఒంట్లో ఫ్లోరైడ్ ఎముకలోని ఖనిజంలోకి చేరిపోతుంది. ఎముక కట్టే కణాలను రెచ్చగొడుతుంది, వెన్నుపూసల మధ్య స్నాయువులకు సున్నం పట్టిస్తుంది.

అలాంటి పెద్దమ్మను స్కేలు దగ్గర నిలబెట్టండి. వయసులో ఉన్నప్పుడు 155 సెంటీమీటర్ల మనిషి, నడుం వంగి ఇప్పుడు 147 చూపిస్తుంది. బరువు 43 కిలోలు. ఎత్తు, బరువుల నిష్పత్తి బీఎంఐ 147తో లెక్కిస్తే 19.9 వస్తుంది, 18.5 దాటింది కాబట్టి ‘సాధారణం’ అని రాసుకుంటారు. అసలు ఎత్తు 155తో లెక్కిస్తే 17.9, తిండి చాలని మనిషి. వెన్ను వంగడం వల్ల ఆమె చిక్కిపోయినతనం కాగితం మీద మాయమైంది. అందుకే వంగినవాళ్లకు మోకాలి ఎత్తు కొలిచి, దాన్నుంచి అసలు ఎత్తు అంచనా వేసే పద్ధతి ఉంది. నిలబెట్టి తీసిన అంకె వాడారా, మోకాలి కొలత వాడారా అన్నది ఏ పత్రంలోనైనా ముందు వెతకాల్సిన సంగతి.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ ఇంతకంటే తమాషా చేస్తుంది. ఫ్లోరోసిస్ వచ్చిన వెన్నెముక స్కానులో దట్టంగా, భేషుగ్గా కనిపిస్తుంది. బలం ఉందా అంటే ఉండదు. ఇది ఊహ కాదు, అమెరికాలో మనుషుల మీద తేల్చిన సంగతి. ఎముకలు గుల్లబారిన 202 మంది ఆడవాళ్ల మీద మేయో క్లినిక్ వైద్యుడు లారెన్స్ రిగ్స్ బృందం నాలుగేళ్లు ప్రయోగం నడిపింది. సగంమందికి రోజూ సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు. 1990లో ఫలితాలు చూస్తే నడుం దగ్గర వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం తగ్గలేదు, వెన్ను కాక మిగతా ఎముకలు విరగడం అవతలి జట్టు కన్నా ఎక్కువైంది. డాక్టర్లు మందుగా ఇచ్చి చూసి వదిలేసిన దాన్ని పల్నాటి మెట్టవాళ్లు బిందెల్లో మోసుకొచ్చుకున్నారు. ఈ ఊళ్ల పెద్దవాళ్లను ఎముకల అధ్యయనంలో చేర్చుకుని, తాగిన నీళ్ల సంగతి అడగకపోతే, సాంద్రత గడి పూర్తిగా తల్లకిందులు చెబుతుంది.

ఒళ్లు నొప్పులున్నచోట నొప్పి మాత్రలుంటాయి. “ఏం మందులు వాడుతున్నావు?” అంటే ప్లాస్టిక్ సంచీ తెచ్చి మంచం మీద బోర్లిస్తారు. బీపీ మాత్రల అట్ట, సగం చించిన షుగరు మాత్రలు, ఆర్‌ఎంపీ డాక్టరు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన పేరులేని తెల్ల బిళ్లలు. “ఇవెందుకు పెద్దమ్మా?” “మోకాళ్లకు. పొద్దున ఒకటి ఏసుకుంటేనే లేవగలిగేది.” ఆ తెల్ల బిళ్ల చాలాసార్లు డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందు. కిడ్నీలోకి వెళ్లే రక్తాన్ని అది తగ్గిస్తుంది. పట్టికలో ‘ఇతర మందులు’ అన్న గడిలో దానికి చోటుండదు, ఎందుకంటే దానికి చీటీ లేదు.

ఇక్కడే కిడ్నీల లెక్క దగ్గరికి రావాలి. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కండ తక్కువుంటే అదీ తక్కువ తయారవుతుంది. నలభై అయిదేళ్ల, 70 కిలోల నరసరావుపేట వ్యాపారికి క్రియాటినిన్ 1.0 వచ్చింది. మన 75 ఏళ్ల, 43 కిలోల పెద్దమ్మకూ 1.0 వచ్చింది. ల్యాబు కాగితం మీద ఇద్దరిదీ నార్మలే. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ ఇచ్చిన సూత్రం ఉంది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్లకైతే 0.85తో మళ్లీ గుణించాలి. వ్యాపారికి 92 వస్తుంది. పెద్దమ్మకు 33. అంటే నిమిషానికి ఆమె కిడ్నీలు వడకట్టే రక్తరసం ఆయన కిడ్నీలు వడకట్టే దాంట్లో మూడో వంతుకు కాస్త పైన. చాలా మందుల మోతాదు తగ్గించాల్సిన హద్దు అది. ఒంటారియోలో ముసలివాళ్లను దెబ్బతీసింది ఇలా కనపడని అరుగుదలే.

ఆ సూత్రం పుట్టిన పత్రానికీ మొదటి పట్టిక ఉందనుకుంటే, అందులో ఉన్నవాళ్లు 249 మంది, దాదాపు అందరూ కెనడా మాజీ సైనికుల ఆస్పత్రిలోని మగవాళ్లే. ఆడవాళ్లకు పెట్టిన 0.85 కొలిచి తేల్చింది కాదు, కండ తక్కువ కదా అని వేసుకున్న అంచనా. ఇప్పటి ల్యాబు రిపోర్టుల్లో ఈజీఎఫ్‌ఆర్ పేరుతో వస్తున్న కొత్త సూత్రం ఇంకా పెద్ద జనాభా నుంచి వచ్చింది కానీ, అది బరువు అడగదు. ఒంటి విస్తీర్ణం 1.73 చదరపు మీటర్లున్న మనిషికి సరిపెట్టి చెబుతుంది. 43 కిలోల మనిషి విస్తీర్ణం అంతకంటే చాలా తక్కువ. రెండు సూత్రాలూ అంచనాలే. పెద్దమ్మ చేతికి ఆ కాగితం ఇచ్చేటప్పుడు ఎవరూ ఆమెను తూకం వేయకపోవడమే నాకు కొరుకుడు పడని విషయం.

పూర్వపు జబ్బులు అన్న గడి చూడ్డానికి తేలిక. బీపీ ఉందా, షుగరుందా, గుండె జబ్బుందా? “నాకేం రోగాల్లేవు నాయనా” అంటుంది ఎప్పుడూ డాక్టరు దగ్గరికి పోని మనిషి. 2017, 18ల్లో దేశవ్యాప్తంగా 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా మనుషులతో జరిగిన లాసీ అధ్యయనంలో 60 దాటినవాళ్లలో బీపీ ఉందని చెప్పినవాళ్లు 32 శాతం. ఈ ‘ఉందని చెప్పినవాళ్లు’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. అమర్త్య సేన్ 2002లో ఒక వ్యాసంలో చూపించారు, జబ్బులున్నాయని ఎక్కువగా చెప్పేది ఎక్కువకాలం బతికే కేరళవాళ్లు, తక్కువగా చెప్పేది బీహారువాళ్లు. అమెరికావాళ్లు కేరళవాళ్లను కూడా మించి చెబుతారు. వైద్యం అందుబాటులో ఉన్నచోటే జబ్బుకు పేరు దొరుకుతుంది. కాబట్టి పల్నాడులో రెండు ఊళ్లను పోలుస్తూ ఒకదాంట్లో రోగాలు తక్కువని పట్టిక చెబితే, అక్కడ ఆరోగ్య కేంద్రం ఎంత దూరమో ముందు అడగాలి.

పల్లెటూళ్లలో ఈ జబ్బులన్నీ ఎక్కడివి అనుకునేవాళ్లకు గోదావరి జిల్లాల్లో జరిగిన పని ఒకటి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం పేరుతో 45 ఊళ్లలో, 1,80,162 మంది జనాభాలో 2003, 04ల్లో జరిగిన ప్రతి మరణానికీ ఇంటికెళ్లి కారణం ఆరా తీశారు. చావు కారణాన్ని మరణ ధ్రువపత్రంలో ‘వృద్ధాప్యం’ అని రాసి వదిలేసే చోట అది. తేలిందేమంటే 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాలు 12 శాతం దగ్గరే ఆగాయి.

పని గడిలో ఆడవాళ్లకు ‘గృహిణి’ అని రాస్తారు. మిరపకోతల్లో, పత్తి తీతల్లో నడుం వంచి, కల్లాల్లో కూర్చుని తొడిమలు తీసిన మనిషిని. పొగ తాగుతారా అంటే లేదంటుంది, నిజమే చెబుతుంది. నలభై ఏళ్లు పత్తికట్టె, మిరపకట్టె పొయ్యిలో ఊది ఆ పొగ పీల్చిన సంగతి అడగలేదు కదా. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసిన ఆయనకు దగ్గు ఎందుకొచ్చిందో చుట్ట, బీడీ గడి ఒక్కటీ చెప్పలేదు.

చదువు గడి మరీ లోతైనది, ఎందుకంటే అది మతిమరుపు పరీక్షను తినేస్తుంది. 1975లో ఫోల్‌స్టీన్ తయారుచేసిన ముప్ఫై మార్కుల పరీక్ష ప్రపంచమంతా వాడతారు. అందులో ఒక వాక్యం రాయమంటారు, బొమ్మ చూసి గీయమంటారు, వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ పొమ్మంటారు, ఈ రోజు తారీఖు అడుగుతారు. వేలిముద్ర వేసే పెద్దమ్మకు ఇవన్నీ పోతే చాలా మార్కులు గుల్ల. ఆమె మతి మాత్రం నిక్షేపంగా ఉంటుంది, ఏ కోడలి పుట్టింటివాళ్లు ఏ ఏడు ఎన్ని బస్తాలు పెట్టారో చెబుతుంది. ఈ ఇబ్బంది చూసే 1990ల్లో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో మేరీ గంగూలీ, భారతీయ పరిశోధకులు కలిసి చదువురానివాళ్లకు తగ్గట్టు పరీక్షను మార్చారు. తారీఖు బదులు ఇది పొద్దునా, మధ్యాహ్నమా, సాయంత్రమా అని అడుగుతారు. ఏడుల తీసివేతల బదులు వారాల పేర్లు వెనక నుంచి చెప్పమంటారు. లాసీలో భాగంగా 60 దాటిన 4,096 మందిని ఈ దారిలో లోతుగా పరీక్షించి, దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతానికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేశారు. చదువులేనివాళ్లలో ఎక్కువ తేలింది. అందులో ఎంత భాగం మెదడుది, ఎంత భాగం ఇంకా మిగిలిపోయిన పరీక్ష వంకరది అన్నది నిపుణులే వాదించుకునే సంగతి.

మన దగ్గర మొదటి పట్టిక ఎంత పనిచేయగలదో చూపించిన పరిశోధన ఒకటుంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా వచ్చిన 648 మంది రికార్డులు చూసి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. వెంటనే అనుమానం వస్తుంది, రెండు భాషలు వచ్చినవాళ్లు చదువుకున్నవాళ్లు, పట్నంవాళ్లు, మంచి ఉద్యోగాలవాళ్లు అయ్యుంటారు కదా, ఆ ఆలస్యం చదువుదేమో అని. పాశ్చాత్య దేశాల్లో చేసిన పనుల మీద వలస వచ్చినవాళ్ల ప్రభావమేమో అన్న అనుమానమూ ఉండేది. హైదరాబాద్‌లో బడి మొహం చూడకుండానే తెలుగూ ఉర్దూ దంచేసే మనుషులున్నారు. చదువురానివాళ్లను విడిగా తీసి చూసినా ఆలస్యం కనపడింది. ఇది ఆస్పత్రికి వచ్చినవాళ్ల లెక్క కాబట్టి ఊరందరికీ వర్తిస్తుందని చెప్పలేం. అయినా నాకు మాచర్ల పక్క తండాలు గుర్తొస్తాయి. ఇంట్లో లంబాడీ, సంతలో తెలుగు మాట్లాడే ముసలావిడ చదువు గడిలో సున్నా. ‘భాషలు ఎన్ని’ అన్న గడి ఉంటే రెండు.

ఇంతకూ పట్టికలోకి వచ్చేదెవరు? మాచర్ల నుంచి గుంటూరు పెద్దాస్పత్రికి నూరు కిలోమీటర్లకు పైనే. తోడు రావడానికి కొడుకో కూతురో కూలి మానుకోవాలి. అక్కడిదాకా వెళ్లగలిగిన ముసలివాళ్లు కదలగలిగినవాళ్లు, అడిగే మనిషి ఉన్నవాళ్లు. మంచం పట్టినవాళ్లు, ఒంటరివాళ్లు జల్లెడలో పైనే ఆగిపోతారు.

ఇంకో దారిలో వచ్చినవాళ్లూ ఉన్నారు. పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళలను మధ్యవర్తులు డబ్బు ఆశ చూపి హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు సంస్థ మందుల ప్రయోగానికి తీసుకెళ్లారని 2011లో బయటపడింది. చదవలేని మనుషుల నుంచి సమ్మతి ఎలా తీసుకున్నారన్నది పెద్ద రచ్చ అయింది. కేంద్ర ఔషధ నియంత్రణ అధికారి ఆ సంస్థ అనుమతిని తాత్కాలికంగా నిలిపేశారు. దేశంలో ఇలాంటి ఫిర్యాదులు పేరుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, 2013లో సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలన్న నిబంధన వచ్చింది. 2019 నాటి కొత్త మందుల నియమాల్లో బలహీన వర్గాలవాళ్ల సమ్మతికి అది ఉంది, చదవలేనివాళ్లయితే ప్రయోగంతో సంబంధం లేని సాక్షి ఉండాలనీ ఉంది. అలాంటి ప్రయోగాల మొదటి పట్టికలో వయసు, బరువు, క్రియాటినిన్ అన్నీ ఉంటాయి. ఆమె ఎందుకు వచ్చిందన్న గడి ఉండదు.

చివరగా బీపీ. ఎనభై దాటినవాళ్లకు బీపీ మందులివ్వొచ్చా అన్న సందేహాన్ని 2008లో హైవెట్ అనే ప్రయోగం తీర్చింది. 3,845 మంది, సగటు వయసు 83.6, సగటు బీపీ 173/91. ఇండపమైడ్, అవసరమైతే దానిపైన పెరిండోప్రిల్ ఇస్తే మరణాలు 21 శాతం తగ్గాయి, గుండె నీరసించే జబ్బు 64 శాతం తగ్గింది. ఈ ఫలితంతో ఎందరో ముసలివాళ్లు బాగుపడ్డారు. ఇక ఎవరు వాళ్లు అని చూస్తే 2,144 మంది తూర్పు యూరప్, 1,526 మంది చైనా, మిగతా కొద్దిమంది పశ్చిమ యూరప్, ఆస్ట్రేలియా వైపు, ట్యునీషియా. భారతదేశం లేదు. గుండె, రక్తనాళాల జబ్బు అప్పటికే వచ్చి ఉన్నవాళ్లు 11.8 శాతమే, అంటే ఆ వయసుకు బాగా గట్టివాళ్లు. డిమెన్షియా ఉన్నవాళ్లను, ఇంకొకరి సేవ మీద బతికేవాళ్లను, క్రియాటినిన్ సుమారు 1.7 దాటినవాళ్లను చేర్చుకోలేదు. నిలబెట్టి కొలిస్తే పైబీపీ 140 లోపు ఉన్నవాళ్లనూ చేర్చుకోలేదు.

రెంటచింతలలో మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు, 45 డిగ్రీలు అక్కడ మామూలు మాట. ఇండపమైడ్ ఉప్పునూ నీటినీ ఒంట్లోంచి పంపే మాత్ర. చెమటలో పోయేది చెమటలో పోగా, మాత్ర పంపేది వేరే. తూర్పు యూరప్ ముసలాయనకు లేని గడి ఇది, పట్టికలో ‘ఎండ’ అని ఎవరూ రాయలేదు. మంచం మీంచి లేచిన పెద్దమ్మకు కళ్లు బైర్లు కమ్మితే పడుతుంది, ఫ్లోరైడ్ తిన్న ఎముక విరుగుతుంది. అందుకని బీపీ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల లోపు ఇంకోసారి కొలవమని అడగండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే ఆ సంగతి డాక్టరు చీటీ మీద రాయించండి. వేసవిలో మోతాదు మార్చాలా, మాత్రే మార్చాలా అన్నది ఆ రెండో అంకె చూసి డాక్టరు తేల్చాల్సిన పని. సొంతంగా మాత్ర ఆపేయడం మాత్రం వద్దు, 173 దగ్గర ఉన్న బీపీకి పక్షవాతం ఏ కాలంలోనైనా రావొచ్చు.